నీచు వాసన, వాసన లేని వాయువు

సముద్రపు చేప ఇంటికొచ్చిన రోజు వంటింట్లో పని వాసన పోగొట్టడంతోనే మొదలవుతుంది. పొలుసు గీకి, ముక్కలు కోసి, కల్లుప్పూ పసుపూ పట్టించి రెండు మూడు నీళ్లు కడుగుతారు. ఆఖరున నిమ్మకాయ పిండుతారు. కొన్ని ఇళ్లలో చింతపండు నీళ్లు, మరికొన్ని ఇళ్లలో పుల్లమజ్జిగ వాడతారు. నీచు పోవాలంటారు కోస్తాలో. తెలంగాణలో అదే నీసు. తరతరాలుగా చేస్తున్న ఈ పనిలో చక్కటి రసాయనశాస్త్రం దాగి ఉంది. నీచు వాసనకు ప్రధాన కారణం ట్రైమిథైలమీన్ అనే క్షార పదార్థం. దానికి పులుపు తగిలిందంటే లవణంగా మారిపోతుంది. లవణం గాలిలోకి లేవదు. గాలిలోకి లేవనిది ముక్కును చేరదు.

ఇదే పదార్థం మనిషి చెమటలోంచి, ఊపిరిలోంచి, మూత్రంలోంచి వస్తే? ఎన్నిసార్లు స్నానం చేసినా, ఎంత ఖరీదైన సబ్బు రుద్దుకున్నా మళ్లీ వస్తూనే ఉంటే? అలాంటి జీవక్రియా లోపం ఒకటుంది. పేరు ట్రైమిథైలమినూరియా. తల్లిదండ్రుల నుంచి జన్యువుల ద్వారా వస్తుంది. అరుదైనదే, ప్రాణాంతకమూ కాదు. కానీ దానితో బతికే మనిషి బడిలో, బస్సులో, పెళ్లిపందిట్లో, ఉద్యోగంలో పడే బాధకు కొలత లేదు. ఈ లోపానికి విరుగుడు కోసం వెతుకుతున్న శాస్త్రవేత్తల చూపు కొన్నేళ్లుగా ఓ అనూహ్యమైన చోటికి మళ్లింది. అది మన పేగుల్లో పుట్టే మీథేన్. గోబర్ గ్యాస్ పొయ్యిలో మండే వాయువు, ఒక వంశపారంపర్య లోపం ఎక్కడ కలుస్తాయో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కాలేయం వేసే ముద్ర

ముందు చేప సంగతి. సముద్రపు నీటిలోని ఉప్పును, లోతుల్లోని ఒత్తిడిని తట్టుకోవడానికి చేపలు తమ కణాల్లో ట్రైమిథైలమీన్ ఆక్సైడ్ అనే పదార్థాన్ని నింపుకొంటాయి. దానికి వాసన లేదు. చేప చనిపోయాక బ్యాక్టీరియా అందులోని ఆక్సిజన్‌ను ఊడబెరుకుతుంది. మిగిలేది ట్రైమిథైలమీన్, అంటే నీచు. మంచినీటి చేపల్లో ఈ ఆక్సైడ్ చాలా తక్కువ. అందుకే తాజా కొర్రమీను, బొచ్చె సముద్రపు చేపలంత నీచుగా ఉండవు. చెరువు చేపలో అప్పుడప్పుడు తగిలే మట్టివాసన జియోస్మిన్ అనే వేరే పదార్థానిది.

మన ఒంట్లోకి ట్రైమిథైలమీన్ రావడానికి చేపే తినక్కర్లేదు. గుడ్డు పచ్చసొన, కాలేయం, సోయా, చిక్కుళ్లు, పల్లీల్లో కోలిన్ అనే పోషకం ఉంటుంది. మాంసంలో కార్నిటిన్ ఉంటుంది. వీటిలో చాలా భాగాన్ని చిన్నపేగు పీల్చుకుంటుంది. మిగిలింది పెద్దపేగుకు చేరితే అక్కడి బ్యాక్టీరియా దాన్ని కోసుకు తింటుంది. కోలిన్‌ను కోసే జన్యువులను 2012లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో స్మరండ క్రాచూన్, ఎమిలీ బాల్స్కస్ గుర్తించారు. ఆ కోతలో మిగిలే ముక్కే ట్రైమిథైలమీన్. అంటే నీచు ముట్టని శాకాహారి కడుపులోనూ అది రోజూ పుడుతూనే ఉంటుంది.

మరి అందరిలోనూ వాసన ఎందుకు రాదు? పేగుల నుంచి బయల్దేరిన రక్తం ముందుగా కాలేయానికే వెళ్తుంది. అక్కడ ఎఫ్ఎంఓ3 అనే ఎంజైమ్ ప్రతి ట్రైమిథైలమీన్ అణువుకూ ఒక ఆక్సిజన్‌ను అతికిస్తుంది. చేపలో బ్యాక్టీరియా ఊడబెరికిన ఆక్సిజన్‌ను ఇక్కడ మన కాలేయం తిరిగి తగిలిస్తుందన్నమాట. వాసన మాయమవుతుంది, ఆక్సైడ్ మూత్రంలో వెళ్లిపోతుంది. ఆరోగ్యవంతుల్లో 90 శాతానికి పైగా ట్రైమిథైలమీన్ ఇలా ఆక్సైడ్ రూపంలోనే బయటికి పోతుంది.

ఎఫ్ఎంఓ3ని తయారుచేసే జన్యువు ఒకటో క్రోమోజోమ్ మీద ఉంటుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, మనకు రెండు ప్రతులు వస్తాయి. ఒకటి చెడినా రెండోది పని నెట్టుకొస్తుంది. రెండూ చెడితేనే లోపం బయటపడుతుంది. తల్లిదండ్రులిద్దరిలో చెడ్డ ప్రతి ఒక్కొక్కటి ఉంటే, వాళ్లలో లక్షణాలు పెద్దగా కనిపించకపోయినా, పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. ఒకే కుటుంబంలో తరాలుగా తిరుగుతున్న జన్యువు మేనరికంలో రెండు వైపుల నుంచీ వచ్చి కలవడం సులువు. మేనరికాలు బాగా ఉన్న తెలుగు నేల మీద ఇలాంటి లోపాల గురించి తెలుసుకోవాల్సిన అవసరం ఎక్కువ.

వైద్యపత్రిక లాన్సెట్‌లో ఈ లోపానికి పేరుపెట్టి వర్ణించింది 1970లో. మూల జన్యువు దొరకడానికి మరో 27 ఏళ్లు పట్టింది. 1997లో లండన్‌లో ఎలిజబెత్ షెఫర్డ్, ఇయన్ ఫిలిప్స్ బృందం ఎఫ్ఎంఓ3లో 153వ స్థానంలో ప్రోలిన్‌కు బదులు ల్యూసిన్ చేరడం ఈ లోపానికి ఒక కారణమని చూపింది. వందల అమైనో ఆమ్లాల దండలో ఒక్క పూస మారడం వల్ల ఒక మనిషి జీవితమే మారిపోతోంది.

మత్స్యగంధి బాధ

ఈ లోపం గురించి రాసిన విదేశీ వైద్యులు కూడా మహాభారతాన్ని తలుచుకున్నారు. దాశరాజు ఇంట పెరిగి యమునలో పడవ నడిపిన సత్యవతికి మత్స్యగంధి అని పేరు. నన్నయ ఆదిపర్వం చదివిన తెలుగువాళ్లకు ఆమె కొత్త కాదు. పరాశరుడి వరంతో ఆమె యోజనగంధి అయింది. పురాణకథ నుంచి రోగనిర్ధారణ చేయలేం. అయితే ఒంటివాసన ఒక మనిషి పేరే అయిపోగలదని, ఆ పేరు తుడిచిపెట్టడానికి వరమే దిగిరావలసి వచ్చిందని ఆ కథకు తెలుసు.

ఈ రోజుల్లో మత్స్యగంధులకు వరం సంగతి అటుంచి, తమకున్నది ఒక లోపమని తెలియడమే కష్టం. వాసన రోజంతా ఒకేలా ఉండదు. తిన్నదాన్ని బట్టి, చెమటను బట్టి, ఆడవాళ్లలో నెలసరిని బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. ఆసుపత్రికి వెళ్లిన రోజున ఉండకపోవచ్చు. చాలామందికి తమ వాసన తమకే తెలియదు. పైగా ఆ వాసనను పసిగట్టే శక్తి అందరికీ సమానంగా ఉండదు. ఐస్‌లాండ్‌లో 11 వేల మందికి పైగా పాల్గొన్న పరిశోధన 2020లో వెలువడింది. టీఏఏఆర్5 అనే ముక్కు గ్రాహకంలో ఒక మార్పు ఉన్నవాళ్లు చేప వాసనను సరిగా గుర్తుపట్టలేరని అందులో తేలింది. అంటే ఇంట్లో ఒకరు 'ఏమీ లేదు, నీ భ్రమ' అనడం, తరగతిలో ఇంకొకరు ముక్కు మూసుకోవడం రెండూ నిజాయితీగానే జరగవచ్చు. మధ్యలో నలిగేది ఆ లోపమున్న పిల్ల మనసు.

అమెరికాలో ఫిలడెల్ఫియాలోని మోనెల్ పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్త జార్జ్ ప్రెటీ ఏళ్ల తరబడి ఇలాంటివాళ్ల మాట విన్నాడు. కారణం తెలియని దుర్వాసనతో వచ్చిన 353 మందిని పరీక్షించిన ఆ బృందం 2011లో ఫలితాలు ప్రకటించింది. వాళ్లలో 118 మందికి, అంటే దాదాపు మూడో వంతు మందికి ఈ లోపం ఉందని తేలింది. ఇదంతా మానసికమేనని ఇంటికి పంపేసే ముందు, శుభ్రత లేదని వేలెత్తి చూపే ముందు ఈ సంఖ్య గుర్తుకు రావాలి.

పేగుల్లో మూడో జాతి

ఇక మీథేన్ దగ్గరికి వద్దాం. 1776లో ఇటలీ శాస్త్రవేత్త అలెస్సాండ్రో వోల్టా మజ్జోరే సరస్సు ఒడ్డున బురదను కెలికి, పైకి వచ్చిన బుడగలను పట్టి మండించి చూశాడు. ఆ మండే గాలే మీథేన్. పేడ తొట్టిలో, వరిమడి బురదలో, ఆవు పొట్టలో, మన పెద్దపేగులో పుట్టేదీ అదే. గోబర్ గ్యాస్‌లో మనకు తగిలే వాసన అందులోని హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. మీథేన్‌కు ఏ వాసనా లేదు.

దాన్ని తయారుచేసే సూక్ష్మజీవులను చాలాకాలం బ్యాక్టీరియాలోనే లెక్కగట్టారు. 1977లో అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ వాటి అణువుల్లోని అక్షరాలను సరిపోల్చి చూసి, ఇవి బ్యాక్టీరియా కావు, జీవప్రపంచంలో మూడో శాఖ అని తేల్చారు. ఆ శాఖ పేరే ఆర్కియా.

మన పేగుల్లో ఉండే ఆర్కియాలో ముఖ్యమైనది మెథనోబ్రెవిబ్యాక్టర్ స్మితీ. పీచు పదార్థాలను పులియబెట్టే బ్యాక్టీరియా వదిలే హైడ్రోజన్‌ను, కార్బన్ డయాక్సైడ్‌ను కలిపి మీథేన్ చేయడం దాని వృత్తి. ఊపిరిలో మీథేన్ ఉన్నవారిలో చాలావరకు కారణం ఇదే. ట్రైమిథైలమీన్ జోలికి ఇది వెళ్లదు.

2012లో ఫ్రాన్స్‌లోని మార్సెయ్‌లో మరో కొత్త ఆర్కియా దొరికింది. మనిషి మలం నుంచి దాన్ని వేరుచేసిన శాస్త్రవేత్తలు, ఆ నగరంలోని లుమినీ ప్రాంతం పేరు కలిసొచ్చేలా మెథనోమస్సిలీకోకస్ లుమినియెన్సిస్ అని పేరుపెట్టారు. మొదట అది మిథనాల్‌ను తింటుందని మాత్రమే తెలిసింది. దాని జన్యువులను, దాని దగ్గరి బంధువుల జన్యువులను చదివాక అసలు విషయం బయటపడింది. ట్రైమిథైలమీన్‌ను తినడానికి కావలసిన పనిముట్లన్నీ వాటి దగ్గర ఉన్నాయి.

ట్రైమిథైలమీన్ అణువును ఊహించుకోండి. నడుమ ఒక నైట్రోజన్, దానికి మూడు మిథైల్ చేతులు. ఈ ఆర్కియా ఆ చేతులను ఒక్కొక్కటిగా విడదీసి, ఒక్కోదానికి హైడ్రోజన్ జతచేసి మీథేన్‌గా మారుస్తుంది. ఒక ట్రైమిథైలమీన్‌కు మూడు హైడ్రోజన్ అణువులు ఖర్చవుతాయి. మూడు మీథేన్‌లు, ఒక అమ్మోనియా వస్తాయి. అమ్మోనియాను యూరియాగా మార్చడం కాలేయానికి రోజూ ఉన్న పనే. ముక్కుపుటాలు అదరగొట్టే పదార్థం వాసన లేని వాయువై, గాలిలో కలిసిపోతుంది.

ఈ విడదీసే పని వెనుక ఓ అద్భుతం ఉంది. జీవులన్నీ ప్రోటీన్లను కట్టుకునేది 20 రకాల అమైనో ఆమ్లాలతో అని పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం. ట్రైమిథైలమీన్‌ను పట్టుకునే ఎంజైమ్‌లో 22వదిగా లెక్కకొచ్చిన పైరోలైసిన్ ఉంది. 2002లో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు దీన్ని బయటపెట్టారు. మిగతా జీవులు 'ఇక్కడ ఆగు' అని చదువుకునే జన్యు సంకేతాన్ని ఈ ఆర్కియా 'పైరోలైసిన్ పెట్టు' అని చదువుతాయి. విడదీసిన మిథైల్ చేతిని మోసుకుపోయేది కోబాల్ట్ లోహం ఉన్న అణువు, మన విటమిన్ బి12కు తోబుట్టువు. ఉప్పునీటి బురదల్లో, మడ అడవుల మట్టిలో ఇదే తరహా రసాయనంతో బతికే ఆర్కియా ఉన్నాయి. అంత ప్రాచీనమైన విద్య మన కడుపులోనూ సాగుతోంది.

తూము పూడితే అలుగు

2014లో ఫ్రాన్స్‌లోని క్లెర్మో-ఫెర్రాకు చెందిన జాన్-ఫ్రాన్స్వా బ్రుజేర్ బృందం ఈ రెండు కథలనూ ముడివేసింది. మేలుచేసే బ్యాక్టీరియాను ప్రోబయాటిక్స్‌గా ఇస్తున్నాం కదా, ట్రైమిథైలమీన్‌ను తినే ఆర్కియాను మందుగా ఇవ్వలేమా అని అడిగింది. ఆ ఆలోచనకు ఆర్కీబయాటిక్స్ అని పేరుపెట్టింది. ఈ ఆర్కియా మనిషి పేగుల్లో సహజంగా ఉండేవేననీ, ఆర్కియాలో రోగకారకమని రుజువైనది ఇంతవరకు లేదనీ వాళ్లు గుర్తుచేశారు.

దీని విలువ తెలియాలంటే మన ఊరి చెరువును తలుచుకుంటే చాలు. వాగుల నుంచి నీరు చేరుతుంది, తూము ద్వారా పొలాలకు పోతుంది. ఎఫ్ఎంఓ3 ఆ తూము. పుట్టుకతోనే తూము పూడిపోయిన చెరువు ఈ లోపం ఉన్న శరీరం. ఇప్పటిదాకా వైద్యులు చేయగలిగింది వాగును కట్టడి చేయడమే. కోలిన్ తక్కువున్న తిండి పెట్టడం, కొద్దిరోజులు యాంటీబయాటిక్ ఇచ్చి ట్రైమిథైలమీన్ చేసే బ్యాక్టీరియాను తగ్గించడం ఈ కోవలోవే. మీథేన్ దారి అలుగు వంటిది. తూము జోలికి పోకుండానే, కట్ట తెగకముందే, పొంగే నీటిని పక్కనుంచి పంపేస్తుంది. జన్యువును బాగుచేసే పని లేదు. ట్రైమిథైలమీన్ రక్తంలోకి చేరకముందే పేగులోనే ఖర్చైపోతుంది.

ఈ ఆలోచన మీద గుండె జబ్బుల పరిశోధకులకూ ఆసక్తి కలిగింది. రక్తంలో ట్రైమిథైలమీన్ ఆక్సైడ్ ఎక్కువ ఉండటానికీ, గుండె జబ్బులకూ సంబంధం ఉందని 2011లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో స్టాన్లీ హేజెన్ బృందం చూపింది. 2018లో వెలువడిన ఒక పరిశోధనలో, రక్తనాళాలు గట్టిపడే తత్త్వమున్న ఎలుకల పేగుల్లోకి మీథేన్ చేసే ఆర్కియాను పంపితే వాటి రక్తంలో ఆ ఆక్సైడ్ తగ్గింది. అలుగు పారుతుందనడానికి అదొక ఆధారం. ఎలుక నుంచి మనిషి దాకా దూరం చాలా ఉంది. ఈ లోపమున్నవారికి మందుగా వాడే దశకు ఆర్కియా ఇంకా చేరలేదు.

దారిలోని రాళ్లు

మొదటి చిక్కు హైడ్రోజన్. పేగులో దానికోసం స్మితీతో సహా ఎన్నో సూక్ష్మజీవులు పోటీపడతాయి. కొత్తగా వచ్చిన ఆర్కియాకు వాటా దక్కకపోతే అది నిలదొక్కుకోలేదు. రెండోది తయారీ. మీథేన్ చేసే ఆర్కియాకు ఆక్సిజన్ గిట్టదు. వాటిని పెంచి, ఎండబెట్టి, గుళికలో పెట్టి, పెద్దపేగు దాకా ప్రాణంతో చేర్చడం తేలిక పని కాదు.

మూడోది మీథేన్ స్వభావమే. ఊపిరిలో మీథేన్ ఎక్కువున్నవారిలో మలబద్ధకం ఎక్కువని, ఈ వాయువు పేగుల కదలికను మందగింపజేస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి. పేగుల్లో ఆర్కియా మితిమీరితే దాన్ని ఒక సమస్యగానే గుర్తించి చికిత్స చేస్తున్నారు. ఊపిరి పరీక్షలో మీథేన్ కనిపించినంత మాత్రాన ట్రైమిథైలమీన్ ఖర్చవుతోందని సంబరపడటానికీ లేదు. అది కార్బన్ డయాక్సైడ్ నుంచి స్మితీ చేసింది కావచ్చు. ఏ ఆర్కియా ఉంది, ఏం తింటోంది అన్నదే ఇక్కడ లెక్క.

నాలుగోది ఆలోచింపజేసే విషయం. ఈ లోపానికి వాడే యాంటీబయాటిక్స్‌లో మెట్రోనిడజోల్ ఒకటి. చాలా యాంటీబయాటిక్స్‌కు లొంగని ఆర్కియాను చంపగల కొద్ది మందుల్లోనూ అదొకటి. అంటే వాగును కట్టడి చేస్తూ అలుగును కూడా మూసేస్తున్నామా అన్న ప్రశ్న మిగులుతుంది. దానికి జవాబు దొరికితే ఇప్పుడున్న వైద్యాన్నే ఇంకాస్త బాగా చేయవచ్చు.

పశువుల సంగతి ఇందుకు తలకిందులు. ఆవు పొట్టలోని మీథేన్ భూమిని వేడెక్కిస్తుంది కాబట్టి దాన్ని ఆపాలని ప్రపంచమంతా పనిచేస్తోంది. ఈ ఆర్కియాకు బంధువులైనవే ఆవు పొట్టలోనూ మిథైలమీన్‌ల నుంచి మీథేన్ చేస్తున్నాయని 2013లో వెలువడిన పరిశోధన చూపింది. అక్కడ మూయాలనుకుంటున్న ద్వారాన్నే ఇక్కడ తెరవాలనుకుంటున్నాం. ఆవు పొట్ట కోసం నేర్చుకున్న ప్రతి పాఠమూ రేపు మనిషి పేగుకు పనికిరావచ్చు.

ఇవాళ చేయగలిగింది

ఆర్కియా గుళిక వచ్చేదాకా చేతులు ముడుచుకు కూర్చోనక్కర్లేదు. అనుమానమున్నవారు జన్యు వైద్య నిపుణుల సలహాతో మూత్రపరీక్ష చేయించుకోవచ్చు. మూత్రంలో ట్రైమిథైలమీన్ ఎంత, దాని ఆక్సైడ్ ఎంత అన్న నిష్పత్తిని చూస్తారు. ఒక్కోసారి సముద్రపు చేప తినిపించి గాని, కోలిన్ ఇచ్చి గాని మళ్లీ పరీక్షిస్తారు. అవసరమైతే జన్యువునూ చదువుతారు.

తిండిలో సముద్రపు చేప, గుడ్డు, కాలేయం, సోయా తగ్గిస్తే చాలామందికి తేడా తెలుస్తుంది. అయితే కోలిన్ శరీరానికి అవసరమైన పోషకం. గర్భిణికి, పాలిచ్చే తల్లికి, పెరిగే పిల్లలకు ఇంకా అవసరం. వైద్యుల పర్యవేక్షణ లేకుండా తిండి మానేయడం ప్రమాదం. ఎఫ్ఎంఓ3 కాస్తయినా పనిచేస్తున్నవారికి రైబోఫ్లావిన్, అంటే విటమిన్ బి2 ఉపకరిస్తుంది, ఆ ఎంజైమ్‌కు అది సహాయకం. ట్రైమిథైలమీన్‌ను పేగులోనే పీల్చుకునే బొగ్గు మాత్రలనూ వైద్యులు కొందరికి సూచిస్తారు.

ఇక స్నానానికి కొద్దిగా ఆమ్లగుణమున్న, పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య ఉండే సబ్బు వాడమంటారు. మామూలు సబ్బు క్షారం. ఒంటిమీది ట్రైమిథైలమీన్ కూడా క్షారమే కాబట్టి దాని మీద పనిచేయదు. ఆమ్లగుణమున్న సబ్బు మాత్రం దాన్ని లవణంగా మార్చి నీళ్లతో పంపేస్తుంది. చేప ముక్కల మీద నిమ్మకాయ పిండిన చెయ్యికి ఈ సూత్రం ఎప్పటినుంచో తెలుసు.

ఆ చెయ్యికి ఇంకో సంగతీ తెలుసు. నీచు వాసన వస్తోందని వంటింట్లో ఎవరూ చేపను తిట్టరు. పులుపు ఎక్కడుందో వెతుకుతారు.